తప్పు చేసిన పిల్లవాడితో మొదటి మాట



నిరుడు మీరిచ్చిన విరాళాల్లో కొంత భాగంతో ఈద్గా మైదానంలో పిల్లలకు సాయంత్రం ఫుట్‌బాల్ శిబిరం మొదలుపెట్టిన సంగతి మీకు తెలుసు. బంతులు కొన్నాం, గోలు వలలు కొన్నాం, రంగు బనియన్లు కుట్టించాం, ఒక కోచ్‌ను జీతానికి పెట్టుకున్నాం. ప్రారంభం రోజున అందరం వరుసగా నిలబడి ఫోటోలు కూడా దిగాం. మొదటి వారం రెండు జట్లకు సరిపడా పిల్లలు వచ్చారు. ఆరో వారానికి ఒక జట్టు పోగు చేయడం కూడా కష్టమైంది.

కమిటీ సమావేశంలో కారణాలు చాలా చెప్పుకున్నాం. పరీక్షలన్నాం, ఎండలన్నాం, సెల్‌ఫోన్లన్నాం, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదన్నాం. మాలో ఒక్కరమూ ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళి అడగలేదు. చివరకు ఒకరోజు మసీదు మెట్ల దగ్గర కనబడిన తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి మాలో ఒకరు ఆపి, "ఏం బేటా, ఆటకు రావడం లేదేం?" అని అడిగారు. వాడు నేల చూస్తూ "రాదు చాచా" అన్నాడు. "ఏం, ఇంట్లో పంపడం లేదా?" అంటే, "పంపుతారు. నాకే ఆట రాదు" అన్నాడు.

విషయం కనుక్కుంటే ఇదీ. రెండు వారాల ముందు ఒక ఆటలో వాడు బంతిని తన్నబోయి గాలిని తన్నాడు. బంతి వాడి కాళ్ళ మధ్య నుంచి దూరి గోలైపోయింది. గీత దగ్గర నిలబడిన కోచ్ "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? పో, బయట కూర్చో" అని కేకేశాడు. అవతలి జట్టు పిల్లలు నవ్వారు. వాడు వెళ్ళి గోడవారన కూర్చున్నాడు. మగ్రిబ్ అజాన్ దాకా అలాగే కూర్చున్నాడు. మళ్ళీ లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. మర్నాటి నుంచి రాలేదు.

కోచ్‌ను అడిగితే అతనికి ఆ సంగతే గుర్తులేదు. అబద్ధమాడటం కాదు, నిజంగానే గుర్తులేదు. అతను చెడ్డవాడు కాదు. తుంపర పడుతున్న రోజుల్లో కూడా అందరికంటే ముందు వచ్చేవాడు, సొంత డబ్బుతో పిల్లలకు అరటిపళ్ళు కొనిపెట్టేవాడు. పైగా "ఈ ఏడాది స్కూళ్ళ పోటీలో కప్పు తేవాలి" అని అతని నెత్తిన బరువు పెట్టింది మేమే. సంచికలో దాతలకు చూపించడానికి కప్పు పట్టుకున్న ఫోటో ఒకటుంటే బాగుంటుందని మా ఆశ. కాబట్టి ఈ వ్యాసంలో తప్పుల లెక్క మా దగ్గర నుంచే మొదలుపెడుతున్నాం.

ఆ తరువాత మానేసిన పిల్లల ఇళ్ళకు ఒక్కొక్కరి చొప్పున వెళ్ళాం. ఒకరిద్దరు ట్యూషన్ అన్నారు. ఒక కుటుంబం ఊరు మారింది. మిగతా ఇళ్ళలో విన్నది ఇంచుమించు ఒకే కథ. ఒక మాట, ఒక నవ్వు, పది మందిలో ఒక అవమానం. పెద్దవాళ్ళకు అది మాట కూడా కాదు. పిల్లలు మాత్రం తేదీతో సహా చెప్పారు.

ఇది మా ఒక్క మైదానం సంగతి కాదని తరువాత చదివి తెలుసుకున్నాం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి సియాటిల్ నగరంలో పిల్లల బేస్‌బాల్ జట్ల మీద పరిశోధన చేశారు. వాళ్ళ పద్ధతి చాలా ఓపికతో కూడినది. ఆట జరుగుతున్నంతసేపూ పరిశీలకులు పక్కన కూర్చుని కోచ్ ప్రతి మాటనూ, ప్రతి చేష్టనూ ఫలానా రకమని గుర్తు వేసుకునేవారు. పిల్లవాడు బాగా ఆడినప్పుడు ఏమన్నాడు, తప్పు చేసినప్పుడు ఏమన్నాడు, ఏమీ అనకుండా ఊరుకున్నాడా అన్నదంతా. తరువాత పిల్లలను విడిగా అడిగేవారు, కోచ్‌లను విడిగా అడిగేవారు.

అందులో తేలిన ఒక సంగతి చదివినప్పుడు మాకు మా కోచ్ గుర్తుకొచ్చాడు. తాము ఎలా ప్రవర్తిస్తున్నామో కోచ్‌లకే సరిగా తెలియదు. వాళ్ళు తమ గురించి చెప్పుకున్నదానికీ, పరిశీలకులు రాసుకున్నదానికీ పొంతన తక్కువ. పిల్లలు చెప్పింది మాత్రం పరిశీలకుల లెక్కకు అంతకంటే దగ్గరగా ఉంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పిల్లలకు కోచ్ మీద ఇష్టం కలగడానికి జట్టు గెలుపోటములతో పెద్దగా సంబంధం కనబడలేదు. ధైర్యం చెబుతూ ఆట నేర్పిన కోచ్‌లనే వాళ్ళు ఇష్టపడ్డారు. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్న పిల్లల మీద కోచ్ మాట, మంచైనా చెడైనా, మరీ ఎక్కువగా పనిచేసింది.

ఆ ఇద్దరూ అక్కడితో ఆగకుండా కోచ్‌లకు ఒక చిన్న శిక్షణ తయారు చేశారు. మహా అయితే ఒక పూట సదస్సు. 1992లో అచ్చయిన వాళ్ళ అధ్యయనంలో, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మంది మరుసటి ఏడాది ఆటకు తిరిగి రాలేదు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడినవారిలో రానివారు 5 శాతం మాత్రమే. రెండు రకాల జట్ల గెలుపోటముల్లో తేడా లేదు. అంటే పిల్లలు నిలబడింది గెలిచినందుకు కాదు.

దానం చేసేవారు సహజంగా అడిగే ప్రశ్న, "మా రూపాయి ఎక్కడ ఎక్కువ పనిచేస్తుంది?" అని. ఈ లెక్క చూశాక, మేము కొన్న బంతులన్నిటికంటే ఆ ఒక్క పూట శిక్షణే ఎక్కువ పనిచేసి ఉండేదని మాకు అనిపించింది.

ఆ శిక్షణలో ముఖ్యమైన భాగం తప్పు జరిగిన తరువాతి కొన్ని క్షణాలది. తప్పు చేశానని పిల్లవాడికి అప్పటికే తెలుసు. బంతి వాడి కాళ్ళ మధ్య నుంచే పోయింది, వాడికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆ క్షణంలో వాడి కళ్ళు బంతి వైపు పోవు, కోచ్ ముఖం వైపు పోతాయి. (మీరు ఎప్పుడైనా మైదానం పక్కన నిలబడి గమనించండి, ప్రతి పిల్లవాడూ ఇదే చేస్తాడు.) అక్కడ ముందు ఒక ధైర్యం మాట కావాలి. తరువాత ఏం చెయ్యాలో ఒకే ఒక్క సూచన. చివర మళ్ళీ ఒక ప్రోత్సాహం. "ఫరవాలేదు, బంతి దగ్గరికి బాగానే వచ్చావు. ఈసారి తన్నేదాకా బంతినే చూడు. నీకు వస్తుంది, ఆడు." అంతే. ఇది చెప్పడానికి "ఎన్నిసార్లు చెప్పాలిరా" అనడానికి పట్టేకంటే నాలుగైదు క్షణాలు ఎక్కువ పడుతుంది.

ఆ మధ్యలో ఉన్న ఒక్క సూచన లేకపోతే ధైర్యం మాట కూడా వట్టిదైపోతుంది. మా కోచ్ మారదామని నిర్ణయించుకున్న మొదటి వారంలో అన్నిటికీ "సూపర్, సూపర్" అనడం మొదలుపెట్టాడు. పిల్లలకు మూడు రోజుల్లో అర్థమైపోయింది. ఒక గడుసు పిల్ల "సర్, బంతి బయటికి పోయినా సూపరేనా?" అని అడిగేసింది. పొగడ్త కూడా నిజమై ఉండాలి. "పడిపోయినా లేచి బంతి వెనక పరుగెత్తావు చూశావా, అది బాగుంది" అంటే పిల్లవాడికి ఏది మళ్ళీ చెయ్యాలో తెలుస్తుంది.

పొగడ్తలోనూ ఒక ప్రమాదం ఉందని చెప్పే పరిశోధన ఒకటుంది. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు కొన్ని చిక్కుముడులిచ్చారు. విప్పాక కొందరిని తెలివైనవాళ్ళని పొగిడారు, కొందరిని బాగా కష్టపడ్డారని పొగిడారు. తరువాత కఠినమైనవి ఇచ్చి ఓడిపోనిచ్చారు. తెలివిని పొగిడినవాళ్ళు తొందరగా నీరుగారిపోయారు. కష్టాన్ని పొగిడినవాళ్ళు పట్టు వదలకుండా ప్రయత్నించారు. మైదానంలో దీని అర్థం, "వీడు పుట్టుకతోనే ఆటగాడు" అని పది మందిలో అనడం ఆ పిల్లవాడికి మేలు కాదు. రేపు వాడు తప్పు చేస్తే, నేను ఆటగాణ్ణి కాదన్నమాట అనుకుంటాడు. పక్కన ఉన్న పిల్లవాడు ఆ మాట విన్నప్పుడే అలా అనుకుంటాడు.

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్ళు కారు. ఆరేడేళ్ళ వయసులో కష్టపడటానికీ, చేతనవడానికీ మధ్య తేడా వాళ్ళకు స్పష్టంగా ఉండదు. గట్టిగా పరుగెత్తితే బాగా ఆడినట్టే. అందుకే ఆ వయసు పిల్లలు ఓడిపోయి కూడా కేరింతలు కొడుతూ ఇంటికి పోతారు. పదేళ్ళు దాటేసరికి పక్కవాడితో పోల్చుకోవడం బాగా తెలుస్తుంది. నేను ఎంత పరుగెత్తినా వాడంత ఆడలేనేమో అన్న అనుమానం అప్పుడు పుడుతుంది. సరిగ్గా ఈ అనుమానం పుట్టే వయసులోనే మనం "వాణ్ణి చూసి నేర్చుకో" అంటాం. నిన్నటి నీకంటే ఇవాళ్టి నువ్వు ఎంత బాగా ఆడావన్న పోలిక ఒక్కటే పిల్లవాణ్ణి ముందుకు నడుపుతుంది. అందుకు నిన్న వాడు ఎలా ఆడాడో కోచ్‌కు గుర్తుండాలి. ఇప్పుడు మా కోచ్ జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. రోజుకు ఇద్దరు ముగ్గురు పిల్లల గురించి ఒక్కొక్క వాక్యం రాసుకుంటాడు.

ఇక మాట ఎలా చెప్పాలి అన్నది. దీన్ని మేము చిన్న విషయమనుకున్నాం గాని, చూడగా చూడగా ఇదే పెద్దదైంది. ఈద్గాలో సాయంత్రం పూట పిల్లలను తూర్పు గోడ వైపు వీపు పెట్టి నిలబెడితే ఎండ నేరుగా వాళ్ళ కళ్ళలో పడుతుంది. కళ్ళు చికిలిస్తున్న పిల్లవాడు ఏం వింటాడు? కోచ్ తన ముఖానికి ఎండ తగిలేలా నిలబడాలి, పిల్లల వీపుకు ఎండ ఉండాలి. ఆరడుగుల మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని పైనుంచి మాట్లాడితే ఏడేళ్ళ పిల్లకు మాటకంటే ముందు మనిషి కనబడతాడు. మోకాలి మీద కూర్చుంటే ముఖం ముఖానికి వస్తుంది. ఒకేసారి నాలుగు సంగతులు చెబితే ఒక్కటీ తలలో ఉండదు, కాబట్టి ఒకసారికి ఒకటే. చెప్పేకంటే చేసి చూపడం మేలు. "అర్థమైందా?" అని అడిగితే ప్రపంచంలోని పిల్లలందరూ "ఆఁ" అంటారు, అందుచేత "ఏదీ, నువ్వు చేసి చూపించు" అనాలి.

మా మొహల్లాలో దీనికి తోడు భాష చిక్కు ఒకటుంది. కొన్ని ఇళ్ళలో ఉర్దూ, కొన్ని ఇళ్ళలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. కోచ్ నోట ఆట మాటలన్నీ ఇంగ్లీషే. "పొజిషన్ హోల్డ్ చెయ్, స్పేస్‌లోకి రా" అని అతను అరుస్తుంటే ఒక పిల్లవాడు నిలబడిన చోటనే నిలబడిపోయాడు. మొండివాడు అనుకున్నాం. తరువాత అడిగితే స్పేస్ అంటే ఆకాశమని సైన్సు పాఠంలో చదివాడట! అప్పటి నుంచి "ఖాళీ జాగాలోకి పరుగెత్తు" అంటున్నాడు. అందరికీ తెలిసింది. పిల్లవాడు మాట వినలేదని తిట్టే ముందు, వాడికి మాట అర్థమైందా అని ఒకసారి ఆగి చూడటం కూడా దయలో భాగమే.

అన్నీ మాటలతోనే చెప్పాలని లేదు. ఈ విషయంలో మన హైదరాబాద్ గడ్డ మీదే ఒక పెద్దాయన ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణ పతకాలు వచ్చినప్పుడు ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది కూడా ఆయన చేతి కిందే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలో మేటిగా తీర్చిదిద్దింది ఆయనే. ఈమధ్య 2024లో ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది కాబట్టి పిల్లలకు కూడా పేరు తెలిసింది. ఆయన మొదట బడిపంతులు. ఆ సంగతి ఆయన నేర్పే తీరులో కనబడుతుంది.

డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు ఆయన హైదరాబాద్‌లో పెట్టించేవారు. ఇందులోని తెలివి చూడండి. బంతిని తనే అట్టిపెట్టుకునే పిల్లవాణ్ణి "పాస్ ఇవ్వరా" అని రోజంతా తిట్టవచ్చు. లేదా పాస్ ఇస్తే తప్ప ఆట సాగని నియమం పెట్టవచ్చు. రెండో పద్ధతిలో ఎవరినీ వేలెత్తి చూపే అవసరం రాదు. ఎడమకాలితో తన్నే పోటీలో అందరూ తడబడతారు, అందరూ నవ్వుకుంటారు, తడబాటు ఒక్కడి అవమానం కాకుండా పోతుంది. మేము కూడా శనివారం సాయంత్రాలు ఎడమకాలి ఆట పెట్టాం. గోడవారన కూర్చున్న ఆ పిల్లవాడిది ఎడమచేతి వాటం, ఎడమకాలి వాటం. ఆ సంగతి అంతకు ముందు మాలో ఎవరమూ గమనించలేదు!

ఆటల ఎంపికలో మరికొన్ని మార్పులు చేశాం. తప్పు చేసినవాడు ఔటై పక్కన కూర్చునే ఆటలు తీసేశాం, ఎందుకంటే ముందుగా బయటికి పోయేది ఎక్కువ సాధన కావలసిన పిల్లలే. పొడవాటి వరుసలో నిలబడి తన వంతు కోసం పది నిమిషాలు ఎదురుచూసే పద్ధతి తీసేసి నలుగురు నలుగురు చొప్పున చిన్న చిన్న ఆటలు పెట్టాం. ఎనిమిదేళ్ళలోపు వారికి మూడో నంబరు బంతి, పన్నెండేళ్ళ దాకా నాలుగో నంబరు బంతి కొన్నాం. అంతకుముందు అందరికీ పెద్దవాళ్ళాడే ఐదో నంబరు బంతులే ఇచ్చాం, ధర ఒకటే కదా అని. చిన్న పాదానికి అది బరువు. ఆలస్యంగా వచ్చినవాడికి మైదానం చుట్టూ పరుగు శిక్షగా వేయడం ఆపేశాం. ఆటకు ప్రాణమైన పరుగునే శిక్షగా మారిస్తే పిల్లవాడు పరుగును ఎలా ప్రేమిస్తాడు?

ఆలస్యం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చే ఒక పదకొండేళ్ళ అబ్బాయి ఉన్నాడు. రెండుసార్లు గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేశాం. ఇంటికి వెళ్ళి చూస్తే తండ్రి లేడు, తల్లి కుట్టుమిషను మీద బ్లౌజులు కుడుతుంది, వీడు బడి నుంచి వచ్చి కుట్టిన బట్టలు నాలుగు వీధుల్లో ఇచ్చి, డబ్బు తెచ్చి తల్లి చేతిలో పెట్టి, అప్పుడు ఆటకు వస్తాడు. వాడు ఆలస్యంగా రావడం కాదు, అంత పని చేసి కూడా రావడమే గొప్ప. మేము ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసిపోయేది. ఎందుకు ఆలస్యమైందని నలుగురిలో నిలబెట్టి అడిగితే మాత్రం వాడు చచ్చినా చెప్పడు. పక్కకు తీసుకెళ్ళి అడగాలి.

రంజాన్ నెలలోనూ ఇలాంటిదే. పది పన్నెండేళ్ళ పిల్లలు కొందరు పట్టుపట్టి రోజా ఉంటారు. ఉన్నామని చెబితే ఆడనివ్వరని చెప్పరు. కళ్ళు తిరుగుతున్నా నిలబడతారు. ఈ ఏడాది ఆ నెలంతా పరుగు పనులు ఆపేసి, ఇఫ్తార్‌కు ముందు నీడలో కూర్చుని ఆట నియమాలు, పాత ఆటల కబుర్లు చెప్పించాం. ఆ కబుర్లలోనే పిల్లలు తమ గురించి ఎక్కువ చెప్పారు.

అమ్మాయిల సంగతి వేరుగా చెప్పాలి. వాళ్ళకు ఆదివారం ఉదయం బడి ఆవరణలో ఒక మహిళా పీఈటీ టీచరు ఆధ్వర్యంలో వేరే తరగతి నడుస్తోంది. తల్లిదండ్రులకు దుస్తుల విషయంలో ఉన్న సందేహాన్ని వాదనతో తీర్చబోలేదు. ఎవరికి ఏది సౌకర్యమో అది వేసుకుని రమ్మన్నాం. తలకు స్కార్ఫు కట్టుకుని ఆడటానికి 2014 నుంచి అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాలే ఒప్పుకుంటున్నాయి. మా టీచరు చెప్పేదేమంటే, అమ్మాయిలు తప్పు చేసినప్పుడు ఎవరూ తిట్టకముందే తమను తామే తిట్టుకుంటారట. వాళ్ళ దగ్గర ఆమె పనంతా ఆ తిట్టును ఆపడమే. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి ఆమె తరచూ చెబుతారు. చిన్నతనంలో తండ్రి పరుగు పందాల సాధనకు తీసుకెళితే, బాక్సింగులో మాత్రం అమ్మాయిలు ఎందుకు లేరని ఆ పిల్ల అడిగిందట. ఆ ప్రశ్నను తండ్రి నవ్వి కొట్టిపారేయలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ విజేత అయింది. మా పిల్లలందరూ విజేతలవుతారని చెప్పడం లేదు. ఒక ప్రశ్నకు చెవి ఇవ్వడం గురించి చెబుతున్నాం.

చెవి ఇవ్వడానికి ఇంకొక కారణం ఉంది. ఇది దాతలకు దాచకుండా చెప్పవలసిన విషయం. పిల్లలు పెద్దవాళ్ళ చేతికి చిక్కే చోటల్లో ఆటల మైదానం ఒకటి. కోచ్ అంటే భయమూ భక్తీ ఉంటాయి, ఒళ్ళు తాకి నేర్పవలసిన పనీ ఉంటుంది. "సర్ మీద చాడీలు చెప్పకు" అని నోరు మూయించిన పిల్ల, నిజంగా చెప్పుకోవలసినది జరిగిన రోజున కూడా నోరు విప్పదు. చిన్న కష్టం చెప్పినప్పుడు విన్న చోటనే పెద్ద కష్టం బయటికి వస్తుంది. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టాం. ఏ పెద్దమనిషీ ఒక్క పిల్లతో గదిలో ఒంటరిగా ఉండకూడదు. కమిటీ సభ్యులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒంటి మీద చెయ్యి వేసి చూపవలసి వస్తే అందరి ఎదుట, అడిగి వెయ్యాలి. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. పరువు పేరుతో లోలోపల సర్దుకోవడానికి ఆ చట్టంలో చోటు లేదు.

ఇంత చెబుతుంటే కొందరు పెద్దలకు ఒక అనుమానం వచ్చింది. "మేము దెబ్బలు తిని నేర్చుకున్నాం, ఇలా గారం చేస్తే పిల్లలు గట్టిపడతారా?" అని. అడగవలసిన ప్రశ్నే. మైదానంలో క్రమశిక్షణ తగ్గలేదు. ఎదుటివాణ్ణి కావాలని తన్నినవాడు ఆ రోజు ఆట ఆడడు, ఎంత మంచి ఆటగాడైనా సరే. బూతుమాట వస్తే ఆట ఆగుతుంది. కాకపోతే కావాలని చేసిన తప్పుకూ, చేతకాక జరిగిన తప్పుకూ ఒకే శిక్ష లేదు. మొదటిదానికి గట్టిగా చెబుతాం, రెండోదానికి నేర్పుతాం. పాత రోజుల్లో దెబ్బలు తిని ఆటగాళ్ళైనవారు మన కళ్ళ ముందున్నారు. దెబ్బలు తిని ఆట మానేసినవారు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు.

గీత బయట నిలబడే నాన్నల గురించి కూడా రాయకపోతే వ్యాసం పూర్తికాదు. కోచ్ ఒకటి చెబుతుంటే ఇవతల నుంచి "కొట్టు! కొట్టరా!" అని ఇద్దరు, "వెనక్కి రా" అని ఒకరు. పిల్లవాడు ఎవరి మాట వినాలి? అసలు పాఠం ఆట అయ్యాక, బైకు మీద ఇంటికి వెళ్ళే దారిలో జరుగుతుంది. వెనక కూర్చున్న పిల్లవాడు దిగి పారిపోలేడు, తండ్రి ముఖం కనబడదు, మాటలు మాత్రం గాలితో పాటు వచ్చి తగులుతాయి. ఆ దారిలో ఆటను విడమర్చి తప్పులెంచవద్దని తల్లిదండ్రుల సమావేశంలో బతిమాలుకున్నాం. "ఇవాళ ఆటలో నీకు ఏది నచ్చింది?" అని ఒక్కటి అడిగి, వాడు చెబితే వినండి, చెప్పకపోతే ఊరుకోండి అన్నాం. ఒక తండ్రి లేచి, "భాయ్, మా అబ్బా నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు, నాకు అడగడం రాదు" అన్నారు. ఆ రోజు సమావేశంలో అందరికంటే నిజం మాట్లాడింది ఆయనే అనుకుంటాం. ఇప్పుడు ఆయన అడుగుతున్నారు. మొదట్లో కొడుకు భయపడ్డాడట, అబ్బాకు ఏమైందోనని.

ఎడమకాలి పిల్లవాణ్ణి తిరిగి తీసుకురావడానికి కోచ్ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళాడు. మేము పంపలేదు, తనే వెళ్ళాడు. "ఆ రోజు అరిచాను, తప్పు నాది" అని వాడితోనే అన్నాడట, తల్లిదండ్రులతో కాదు. వాడు వెంటనే రాలేదు. నాలుగు రోజులు గోడ అవతల నుంచి చూశాడు. ఐదో రోజు బంతి గోడ దాటి పడితే తీసుకొచ్చి ఇచ్చాడు, మళ్ళీ వెళ్ళలేదు. ఇంకా గొప్పగా ఆడటం లేదు. గాలిని తన్నడం మానలేదు కూడా. తన్నినప్పుడు తనే నవ్వుతున్నాడు.

స్కూళ్ళ పోటీలో ఈ ఏడాది మా జట్టు రెండో ఆటలోనే ఓడిపోయింది. అందుచేత కప్పు ఫోటో ఈ సంచికలో లేదు. కిందటి ఏడాది ఒక దాత గెలిచే జట్టుకైతే పెద్ద మొత్తం ఇస్తానన్నారు. ఆ షరతు లేకుండా ఇవ్వమని వినయంగా కోరాం, ఆయన ఆలోచిస్తామన్నారు. ఈ సంచిక ఆయనకు కూడా పంపుతున్నాం.

వచ్చే ఏడాది అంచనాల్లో బంతుల ఖర్చు తగ్గించి రెండు కొత్త పద్దులు చేర్చాం. ఒకటి, కోచ్‌కూ, పీఈటీ టీచరుకూ, సాయం చేసే పెద్ద పిల్లలకూ ఏడాదికి రెండుసార్లు శిక్షణ. రెండోది, మూడు రోజులు వరుసగా రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళివచ్చే సహాయకుడికి చిన్న గౌరవ వేతనం. రెండోదానికి రసీదు తప్ప ఫోటో ఏమీ రాదు, ముందే చెబుతున్నాం.

శిబిరం వారానికి నాలుగు రోజులు అసర్ నమాజు తరువాత ఈద్గా మైదానంలో నడుస్తుంది. దాతలు ఏ రోజైనా వచ్చి చూడవచ్చు. గోడ నీడన కుర్చీలు వేయిస్తాం, చాయ్ ఇస్తాం. ఆట జరుగుతున్నంతసేపూ పిల్లలకు సలహాలు ఇవ్వవద్దని మాత్రం మనవి.